జీతం సరే.. కమిటీ ఉందా?

క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ మొదలయ్యాయంటే హాస్టల్ గదుల్లో లెక్కలే లెక్కలు. సీటీసీ ఎంత? అందులో చేతికొచ్చేది ఎంత? బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు? పోస్టింగ్ హైదరాబాదా, బెంగళూరా? నైట్ షిఫ్టయితే క్యాబ్ ఇస్తారా? సీనియర్లకు ఫోన్లు చేసి మరీ ఇవన్నీ కనుక్కుంటారు. కనుక్కోవాల్సిందే. కానీ ఈ జాబితాలో ఒక ప్రశ్న దాదాపు ఎప్పుడూ కనిపించదు. 'ఆ ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు?'

అమ్మాయి మొదటి ఉద్యోగానికి బయల్దేరుతుంటే ఇంట్లో చెప్పే మాటలు మనకు తెలిసినవే. 'జాగ్రత్తమ్మా.. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు, పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉండకు'. ప్రేమతో చెప్పేవే, తప్పు పట్టలేం. అయితే చట్టం చూపు ఇంకోవైపు ఉంది. జాగ్రత్త పడాల్సిన బాధ్యతను అది ఉద్యోగం చేసే అమ్మాయి మీద కాకుండా, ఉద్యోగం ఇచ్చినవారి మీద పెట్టింది. జీతం వేయడం, పీఎఫ్ జమ చేయడం ఎలా యాజమాన్యం పనో, వేధింపులు జరక్కుండా చూడటం, జరిగితే విచారించి చర్య తీసుకోవడం కూడా అలాగే యాజమాన్యం పని. కాబట్టి ఆ పని చేస్తోందో లేదో అడిగే హక్కు ఆ ఆఫీసులో చేరబోయే మీకు ఉంది.

అబ్బాయిలూ, పేజీ తిప్పేయకండి. రేపు మీరు టీమ్ లీడ్ అవుతారు, సాక్షి కావచ్చు, సొంతంగా స్టార్టప్ పెడితే యజమానే మీరు. మీకూ ఇందులో పని ఉంది.

విశాఖ అంటే వైజాగ్ కాదు

ఈ చట్టం వెనకున్న కథ రాజస్థాన్‌ది. అక్కడి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో భంవరీ దేవి 'సాథిన్'గా పనిచేసేవారు. గ్రామాల్లో బాల్యవివాహాలను ఆపడం ఆమె ఉద్యోగంలో భాగం. అలా ఓ పెళ్లిని ఆపబోయినందుకు కక్షగట్టి తనపై సామూహిక అత్యాచారం చేశారని 1992లో ఆమె ఫిర్యాదు చేశారు. 1995లో కింది కోర్టు నిందితులపై అత్యాచార అభియోగాన్ని కొట్టేసింది. ఆ క్రిమినల్ కేసు ఒక దారి. దాని పక్కనే ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. ఆమె ప్రభుత్వం చెప్పిన పని చేస్తూ ప్రమాదంలో పడ్డారు. మరి ఆ ప్రమాదం నుంచి ఆమెను కాపాడాల్సింది ఎవరు?

మహిళా సంఘాలు ఈ ప్రశ్నతోనే సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. 1997 ఆగస్టు 13న వచ్చిన ఆ తీర్పునే 'విశాఖ తీర్పు' అంటారు. మన వైజాగ్‌కు దీంతో సంబంధం లేదు, పిటిషన్ వేసిన ఓ మహిళా సంస్థ పేరది. పని ప్రదేశంలో వేధింపులను అడ్డుకోవడం యాజమాన్యం బాధ్యత అని కోర్టు తేల్చి, పార్లమెంటు చట్టం చేసేదాకా పాటించాలంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ చట్టం రావడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. 2013లో వచ్చి, ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పొడవాటి పేరులో మూడు మాటలుంటాయి: నివారణ, నిషేధం, పరిష్కారం. ఇంగ్లిష్ అక్షరాలు కలిపి ఆఫీసుల్లో అందరూ 'పోష్' అంటారు. మూడింటిలో మొదటి మాట నివారణ. ఏదైనా జరిగాక చూద్దాంలే అనే వీలు యాజమాన్యానికి లేదన్నమాట.

'నేను ఇంటర్న్‌ని కదా, నాకు వర్తిస్తుందా?'

వర్తిస్తుంది. ఈ ఒక్క సందేహంతోనే చాలామంది నోరు మూసుకుంటారు. చట్టం దృష్టిలో ఉద్యోగి అంటే పర్మనెంట్ మనిషే కానక్కర్లేదు. ట్రైనీ, అప్రెంటిస్, ప్రొబేషన్‌లో ఉన్నవారు, రోజు కూలీ, ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు సిబ్బంది, ఆఖరికి జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లూ ఉద్యోగులే. స్టైపెండ్ ఇవ్వట్లేదు కాబట్టి నువ్వు మా ఉద్యోగివి కాదు అని ఎవరైనా అంటే, ఈ చట్టం దగ్గర ఆ మాట చెల్లదు.

ఇంకో అడుగు ముందుకెళ్దాం. 'బాధిత మహిళ' అనే మాటకు నిర్వచనం ఇస్తూ, ఆమె ఆ సంస్థలో ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా, వయసు ఎంతైనా, అని చట్టం రాసింది. అంటే ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మాయి కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన నంబరు తీసుకుని రాత్రిపూట 'రిజల్ట్ నా చేతుల్లోనే ఉంది, ఓసారి బయట కలుద్దాం' అని మెసేజ్ పెట్టాడనుకోండి. 'ఇంకా చేరలేదు కదా, ఎవరికి చెప్పుకోవాలి' అనుకోవాల్సిన పనిలేదు. ఆ కంపెనీ కమిటీకే చెప్పుకోవచ్చు.

పని ప్రదేశం అంటే కూడా మీ సీటూ, మీ ఫ్లోరూ మాత్రమే కాదు. పని మీద వెళ్లే ఏ చోటైనా దాని కిందికే వస్తుంది. కంపెనీ ఇచ్చే క్యాబ్, క్లయింట్ ఆఫీసు, ఫీల్డ్ విజిట్, ట్రైనింగ్ కోసం బుక్ చేసిన హోటల్.. అన్నీ. ఇల్లు కూడా పని ప్రదేశం కావచ్చని చట్టంలోనే ఉంది. కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్‌లో వీడియో కాల్‌లో జరిగినా, టీమ్ వాట్సాప్ గ్రూపులో జరిగినా 'అది ఆఫీసు బయట విషయం' అని తప్పించుకోవడం తేలిక కాదు.

ముట్టుకుంటేనేనా?

కాదు. ఒళ్లు తాకడం, తాకబోవడం ఒకటి. లైంగికంగా లొంగమని అడగడం, అసభ్యంగా మాట్లాడటం, అశ్లీల బొమ్మలూ వీడియోలూ చూపించడం, ఇంకా మాటలతో గానీ చేతలతో గానీ చూపులూ సైగలతో గానీ చేసే లైంగిక స్వభావమున్న ఏ ఇతర ప్రవర్తనైనా.. అవతలి మనిషికి ఇష్టం లేనిదైతే అది వేధింపే. శరీరాన్ని తాకకపోయినా వేధింపు కావచ్చని సుప్రీంకోర్టు 1999లోనే, ఈ చట్టం రాకముందే, ఓ ఎగుమతి ప్రోత్సాహక మండలి అధికారి కేసులో స్పష్టం చేసింది.

ఇక్కడ కీలకమైన మాట 'ఇష్టం లేని' అన్నది. 'నేను సరదాగా అన్నాను', 'నా ఉద్దేశం అది కాదు' అన్నవి మనం రోజూ వినే సమాధానాలు. కొలబద్ద అన్నవాడి ఉద్దేశం ఒక్కటే కాదు, విన్నామె మీద అది ఎలా పనిచేసిందన్నదీ చూస్తారు. కాలేజీ గ్రూపుల్లో డబుల్ మీనింగ్ జోకులు పంచుకునే అలవాటున్న అబ్బాయిలు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే దెబ్బతినేది ఇక్కడే.

కొత్తగా చేరేవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. 'ప్రొబేషన్ కన్ఫర్మ్ చేయిస్తా', 'మంచి ప్రాజెక్టు ఇప్పిస్తా' అని ఆశ చూపడం, 'నాతో సరిగ్గా లేకపోతే రేటింగ్ ఎలా వస్తుందో చూస్తా' అని బెదిరించడం, దారికి రాలేదని పని చేయనివ్వకుండా నలుగురిలో చిన్నబుచ్చడం.. లైంగిక ప్రవర్తనతో ముడిపడినప్పుడు ఇవన్నీ వేధింపు కిందే లెక్క. ఫ్రెషర్ మెడ మీద ప్రొబేషన్ అనే కత్తి ఉంటుందని వేధించేవాళ్లకు బాగా తెలుసు. చట్టం రాసినవాళ్లకూ తెలుసు.

యాజమాన్యం చేయాల్సింది ఏంటి?

పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఐసీ అనో, పాత అలవాటుతో ఐసీసీ అనో పిలుస్తుంటారు. ఆ పదిమందిలో ఆడవాళ్లు ఎందరన్నది లెక్కలోకి రాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీయా, ఫార్మా ప్లాంటా, బట్టల షోరూమా, కార్పొరేట్ కాలేజీయా, ఆసుపత్రా, దినపత్రికా అన్న తేడా కూడా లేదు. కంపెనీకి హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖపట్నంలో బ్రాంచీలుంటే ఒక్కోచోట ఒక్కో కమిటీ ఉండాలి. 'మా కమిటీ హెడ్డాఫీసులో ఉందండీ, ముంబయికి మెయిల్ పెట్టండి' అనడం కుదరదు.

కమిటీకి అధ్యక్షత వహించేది సీనియర్ హోదాలో ఉన్న మహిళా ఉద్యోగి. ఉద్యోగుల్లోంచి కనీసం మరో ఇద్దరు సభ్యులు. బయటి నుంచి ఒకరు తప్పనిసరి. మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ నుంచో, లైంగిక వేధింపుల విషయాల్లో అవగాహన ఉన్నవారిలోంచో తీసుకోవాలి. మొత్తం సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా మహిళలే ఉండాలి. ఈ బయటి సభ్యురాలు ఎందుకని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నన్నడిగితే మొత్తం నిర్మాణంలో అసలైన ఇరుసు ఆమే. లోపలివాళ్లందరి జీతం, ప్రమోషన్ అదే యాజమాన్యం చేతిలో ఉంటాయి. 'మన డైరెక్టర్ గారి మీద ఫిర్యాదా?' అని గొంతు తగ్గించకుండా మాట్లాడగలిగేది ఆ గదిలో ఆమె ఒక్కతే కావచ్చు.

కొన్ని చిన్న ఆఫీసుల్లో హెచ్ఆర్ మేనేజరే 'కమిటీ అంటే నేనే, నాకు చెప్పండి' అంటుంటారు. ఒక్క మనిషి కమిటీ కాదు. ఆయన మంచివాడే కావచ్చు, ఆ పని చేసే అధికారం ఆయనకు చట్టం ఇవ్వలేదు.

కమిటీ వేసి ఊరుకుంటే సరిపోదు. కమిటీ సభ్యుల వివరాలు, వేధిస్తే ఎదురయ్యే పరిణామాలు అందరికీ కనబడే చోట బోర్డు పెట్టాలి. ఉద్యోగులకు ఎప్పటికప్పుడు అవగాహన కార్యక్రమాలు జరపాలి, కమిటీ సభ్యులకూ శిక్షణ ఇప్పించాలి. విచారణకు ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, సాక్షులు హాజరయ్యేలా చూడాలి. సర్వీసు నిబంధనల్లో లైంగిక వేధింపును దుష్ప్రవర్తనగా చేర్చాలి. బాధితురాలు పోలీసు కేసు పెట్టాలనుకుంటే అడ్డుపడకూడదు సరికదా, సాయం చేయాలి.

వేధించింది బయటివాడైతే? షోరూముకు వచ్చిన కస్టమర్, ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువు, క్లయింట్ కంపెనీ మేనేజర్. 'ఆయన మన స్టాఫ్ కాదమ్మా, పెద్ద క్లయింట్, కాస్త సర్దుకో' అనడం చాలాచోట్ల అలవాటు. పని ప్రదేశంలో ఎదురయ్యే బయటి మనుషుల నుంచి కూడా భద్రత కల్పించాలని చట్టం యాజమాన్యానికి చెప్పింది. సేల్స్, రిసెప్షన్, నర్సింగ్, బ్యాంకింగ్ వైపు వెళ్లేవాళ్లు ఈ వాక్యాన్ని అండర్‌లైన్ చేసుకోండి.

ఇవేవీ చేయకపోతే జరిమానా 50 వేల రూపాయల వరకు. మళ్లీ అదే తప్పు చేస్తే రెట్టింపు, లైసెన్సు రద్దు చేసే వీలూ ఉంది. నిజం చెప్పాలంటే కోట్ల టర్నోవరున్న కంపెనీకి 50 వేలు ఓ టీమ్ లంచ్ ఖర్చు. జరిమానా కంటే కంపెనీలను ఎక్కువ కదిలిస్తున్నది ఇంకొకటి. లెక్కలు బయటపెట్టాల్సి రావడం.

వార్షిక నివేదిక తెరిచి చూడండి

మీరు చేరబోయే కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయి ఉంటే దాని వార్షిక నివేదిక ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఆ ఏడాది ఎన్ని లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటిని పరిష్కరించారు, ఏడాది చివరికి ఎన్ని మిగిలాయన్నది అందులో చెప్పి తీరాలి. 2025 జులై నుంచి కంపెనీల బోర్డు నివేదికల నిబంధన కూడా గట్టిపడింది. వచ్చినవెన్ని, తేల్చినవెన్ని అన్నదాంతో పాటు 90 రోజులు దాటినా తేలనివెన్నో కూడా రాయాలి. ఇంటర్వ్యూ కోసం కంపెనీ గురించి ఎలాగూ చదువుతారు. ఆ పీడీఎఫ్‌లో ఇంగ్లిష్‌లో 'హరాస్‌మెంట్' అని వెతికితే రెండు నిమిషాల పని.

అంకెలను చదివేటప్పుడు మాత్రం తొందరపడకండి. వేలమంది పనిచేసే కంపెనీలో ఏళ్ల తరబడి ఫిర్యాదులు 'సున్నా' అని ఉంటే సంతోషించే ముందు ఒక్క క్షణం ఆగండి. అక్కడ నిజంగానే ఏమీ జరగకపోవచ్చు, లేదా చెప్పుకొనే ధైర్యం ఎవరికీ లేకపోవచ్చు. కొన్ని ఫిర్యాదులు వచ్చి, వాటిలో చాలావరకు గడువులోపే తేలాయంటే అక్కడి ఉద్యోగినులు కమిటీని నమ్ముతున్నారని అర్థం చేసుకోవచ్చు. భయపడాల్సింది పెండింగ్ అంకె ఏటేటా పెరుగుతున్న చోట.

చిన్న కంపెనీలకు ఇలాంటి నివేదికలు దొరకవు. అప్పుడేం చేయాలి? ఇంటర్వ్యూలోనే అడగాలని నేననను. మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లకు అదంత సులువు కాదని తెలుసు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, చేరేముందు హెచ్ఆర్‌కు పెట్టే మెయిల్‌లో మిగతా ప్రశ్నలతో కలిపి అడిగేయొచ్చు. 'లీవ్ పాలసీ, మెడికల్ ఇన్సూరెన్స్, పోష్ పాలసీ కాపీలు పంపగలరా' అని ఒకే వాక్యంలో. అబ్బాయిలు కూడా ఇదే అడిగితే అది ఆడపిల్లలు మాత్రమే అడిగే ప్రశ్నగా మిగిలిపోదు. పాలసీ పంపిస్తే సంతోషం. 'పోష్ అంటే ఏంటి?' అని తిరిగి అడిగితే అదీ సమాధానమే.

చేరిన మొదటి రోజు ఐడీ కార్డుకు ఫొటో దిగే హడావుడిలో కూడా నోటీసు బోర్డు వైపు ఓ చూపు వేయండి. కమిటీ సభ్యుల పేర్లు, మెయిల్ ఐడీ ఫొటో తీసుకుని పెట్టుకోండి. బోర్డు మీదున్న అధ్యక్షురాలు రెండేళ్ల కిందటే ఉద్యోగం మానేసిన సందర్భాలూ ఉంటాయి, కాబట్టి పక్క సీటు అక్కను ఓ మాట అడిగి చూడండి. కమిటీ సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించకూడదు.

ఐదుగురే ఉన్న ఆఫీసైతే?

మన పిల్లల్లో ఎంతోమంది మొదటి ఉద్యోగం గచ్చిబౌలి అద్దాల మేడల్లో మొదలుకాదు. ఆడిటర్ దగ్గర, లాయరు దగ్గర, డయాగ్నొస్టిక్ సెంటర్లో, ట్యుటోరియల్లో, నలుగురు కుర్రాళ్లు పెట్టిన స్టార్టప్‌లో మొదలవుతుంది. పది మంది లేని చోట కమిటీ ఉండదు. ఒక్కోచోట కమిటీ ఉన్నా, వేధించేది యజమానే. ఈ రెండు సందర్భాల కోసమే ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలి. కలెక్టర్, అదనపు జిల్లా మేజిస్ట్రేట్, డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారిని 'జిల్లా అధికారి'గా నియమించి, ఆయన ద్వారా ఈ కమిటీ వేయాలి. మీ జిల్లాలో కమిటీ వివరాల కోసం కలెక్టరేట్‌లోగానీ, మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలోగానీ అడగొచ్చు.

చట్టం కాగితం మీద ఎంత బాగున్నా అమలు కుంటుతోందని సుప్రీంకోర్టే అంది. 2023 మేలో ఇచ్చిన తీర్పులో, దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల కమిటీయే లేదన్న పత్రికా కథనాన్ని ప్రస్తావించింది. 2024 డిసెంబరులో మరోసారి ఆదేశాలిస్తూ, ప్రతి జిల్లాకూ జిల్లా అధికారిని నియమించాలని, ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల్లో కమిటీలు ఉన్నాయో లేవో సర్వే చేయాలని చెప్పింది. కేంద్రం 2024 ఆగస్టులో 'షీ బాక్స్' పోర్టల్‌ను కొత్తగా తీర్చిదిద్ది తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగినులే కాదు, ప్రైవేటులో పనిచేసేవారూ అందులో ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

మూడు నెలలు.. మర్చిపోకండి

ఈ పేజీలోంచి ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. సంఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వేధింపు పలుమార్లు జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ముందే చేయలేకపోవడానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు ఇవ్వొచ్చు. అంతే.

అది దాటితే ఏమవుతుందో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన పశ్చిమ బెంగాల్ కేసు చెబుతుంది. ఓ విశ్వవిద్యాలయం అధ్యాపకురాలు వైస్ చాన్సలర్‌పై 2023 డిసెంబరులో ఫిర్యాదు చేశారు. చివరి వేధింపు సంఘటన జరిగింది మాత్రం ఆ ఏడాది ఏప్రిల్‌లో. గడువు దాటిపోయిందన్న కారణంతో ఫిర్యాదు నిలవలేదు. 'తప్పు చేసినవారిని క్షమించవచ్చేమోగానీ మర్చిపోకూడదు' అనే అర్థంలో వ్యాఖ్యానించి, ఈ తీర్పు సంగతి ఆయన రెజ్యూమేలో ఉండాలని కోర్టు ఆదేశించింది. అయినా విచారణ అయితే జరగలేదు కదా.

కొత్తవాళ్లు మూడు నెలలు ఎలా పోగొట్టుకుంటారో ఊహించడం కష్టం కాదు. మొదటి నెల 'నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో' అనుకోవడంలో పోతుంది. రెండో నెల టీమ్ లీడ్‌కు నోటిమాటగా చెప్పి, 'నేను మాట్లాడతాలే' అన్న ఆయన భరోసా మీద పోతుంది. మూడో నెల అప్రైజల్ అయ్యాక చూద్దాంలే అని. మేనేజరుకు నోటితో చెప్పడం ఫిర్యాదు కింద లెక్కకు రాదు. చెప్పండి, తప్పులేదు. కానీ కాగితం మీద రాసి కమిటీకి ఇవ్వండి. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయడం కమిటీ బాధ్యత.

ఫిర్యాదు సుప్రసిద్ధ లాయరు రాసినట్టు ఉండక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు లేదా ఏమన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు. తారీఖులతో తెలుగులోనైనా సరే. నిబంధనల ప్రకారం ఆరు కాపీలు, ఉన్న ఆధారాలు, సాక్షుల పేర్లతో ఇవ్వాలి. అందినట్టు సంతకమో, మెయిల్ జవాబో తీసుకోండి. మెసేజీల స్క్రీన్‌షాట్లు, కాల్ లాగ్, ఏ రోజు ఏం జరిగిందో ఆ రాత్రే రాసుకున్న డైరీ.. అన్నీ పనికొస్తాయి. ఒక జాగ్రత్త. మీకొచ్చిన మెసేజీలను భద్రపరచుకోవడం వేరు, కంపెనీ ఫైళ్లనూ కోడ్‌నూ సొంత మెయిల్‌కు పంపుకోవడం వేరు. రెండోది చేసి అనవసరంగా వాళ్ల చేతికి ఓ సాకు ఇవ్వకండి.

విచారణ నడిచేది ఇలా

ఫిర్యాదు అందాక ఏడు పనిదినాల్లో దాని కాపీని ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి పంపుతారు. ఆయన పది పనిదినాల్లో జవాబివ్వాలి. ఎవరి వైపు నుంచీ లాయరును అనుమతించరు. 90 రోజుల్లో విచారణ ముగించాలి, ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. తీర్పు నచ్చకపోతే ఎవరైనా 90 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు.

విచారణ నడుస్తున్నన్నాళ్లూ అదే మనిషి కింద, ఎదురెదురు సీట్లలో పనిచేయడం ఎలా? మీరు రాతపూర్వకంగా అడిగితే మిమ్మల్నిగానీ ఆయన్నిగానీ వేరేచోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయొచ్చు. మీకు మామూలు సెలవులు కాక మూడు నెలల వరకు సెలవు ఇప్పించొచ్చు. మీ పనికి రేటింగ్ ఇచ్చే అధికారాన్ని ఆయన దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇప్పించొచ్చు. ఈ మూడోది ఫ్రెషర్లకు ప్రాణం లాంటిది, అడగడం మర్చిపోవద్దు.

'ఎందుకమ్మా రచ్చ, కూర్చుని మాట్లాడుకుందాం' అంటారా? రాజీ అనేది మీరు కోరితేనే. కమిటీగానీ హెచ్ఆర్‌గానీ దాన్ని మీ మీద రుద్దకూడదు. డబ్బు తీసుకుని సర్దుకోవడం రాజీకి ఆధారం కాకూడదని కూడా చట్టంలో ఉంది.

'రుజువు కాకపోతే తిరిగి నా మీదే కేసు పెడతారట కదా' అన్న భయం చాలామందిలో ఉంది. సగం విన్నమాట అది. అబద్ధమని తెలిసీ కక్షతో ఫిర్యాదు చేశారని, దొంగ పత్రాలు పెట్టారని విచారణలో తేలితేనే చర్య. రుజువు చేయలేకపోవడం ఒక్కటే కారణంగా ఏమీ చేయకూడదని చట్టం విడిగా చెప్పింది. పేర్లు, విచారణ వివరాలు బయటపెట్టడం కూడా నిషేధం.

విచారణ న్యాయంగా జరగాలన్నది రెండు వైపులా వర్తించే మాట. పైన చెప్పిన 2023 తీర్పు నిజానికి గోవాలోని ఓ విశ్వవిద్యాలయ అధ్యాపకుడి కేసులోనిది. కమిటీ హడావుడిగా, ఆయనకు తన వాదన చెప్పుకొనే సరైన అవకాశం ఇవ్వకుండా విచారణ ముగించిందని కోర్టు ఆ క్రమశిక్షణ చర్యను పక్కనపెట్టి, మళ్లీ విచారించమంది. శిక్షణలేని కమిటీ వల్ల ఆరోపణ ఎదుర్కొన్నవారే కాదు, ఫిర్యాదు చేసినవారూ ఏళ్ల తరబడి నలిగిపోతారు. కమిటీ సభ్యులకు శిక్షణ ఇప్పించడం యాజమాన్యం బాధ్యత అని చట్టం ఎందుకు అందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

ఆఫీసు విచారణ వేరు, పోలీసు కేసు వేరు. రెండూ ఒకేసారి నడవొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు నేరం. ఇష్టం లేకుండా తాకడం, లొంగమని అడగడం, అశ్లీల దృశ్యాలు చూపడం వంటివాటికి మూడేళ్ల వరకు, అసభ్య వ్యాఖ్యలకు ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది, నంబరు 15100.

అబ్బాయిల సంగతి

ఈ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. మగవాళ్లు వేధింపులకు గురికారా అంటే అవుతారు. కొన్ని కంపెనీలు తమ సొంత పాలసీలో స్త్రీపురుష భేదం లేకుండా అందరికీ ఫిర్యాదు అవకాశం ఇస్తున్నాయి. ఆ పాలసీ కాపీ అడగమన్నదానికి మీ వైపు నుంచి ఇదో కారణం. రెండోది, సాక్ష్యం. మీ ఎదురుగా జరిగింది కమిటీ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం పెద్ద సాయం. మూడోది స్టార్టప్ కలలున్నవాళ్లకు: పదో ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చే రోజుకు కమిటీ సిద్ధంగా ఉండాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు కన్సల్టెంటును పెట్టుకున్నట్టే బయటి సభ్యురాలిని కూడా ముందే వెతుక్కోండి. ఆమెకు ఫీజు చెల్లించాల్సింది మీరే.

ఉద్యోగం దాకా ఎందుకు, మీ కాలేజీలోనే చూడండి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లోనూ ఈ కమిటీ తప్పనిసరి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురు ఉండాలి. మీ కాలేజీలో ఆ ముగ్గురు ఎవరో తెలుసా?

ఇక చాలామంది అడిగే ఆఖరి సందేహం: 'భరించలేక ఉద్యోగం మానేశాను, ఇప్పుడు ఫిర్యాదు చేయొచ్చా?' చేయొచ్చు. రాజీనామా చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు, గడువు లోపల ఉంటే చాలు. సాధారణంగా చివరి పనిదినంతో ఆఫీసు మెయిల్, చాట్ రెండూ మూసేస్తారు. వేధింపు మెసేజీలు వాటిలోనే ఉంటే, అంతకు ముందే ఫిర్యాదు రాసి, ఆ మెసేజీలను జతచేసి కమిటీ మెయిల్‌కు పంపండి.